నర్సంపేట – హన్మకొండ రోజువారీ బండి ప్రయాణం: హెల్మెట్, గ్లోవ్స్, జాకెట్‌లలో దేనికి ముందు డబ్బు పెట్టాలి?

గిర్నిబావి దారి:
అందరికీ నమస్కారం. నర్సంపేట నుంచి హన్మకొండలోని ఆఫీసుకు రోజూ 125 సీసీ బండి మీద వెళ్లి వస్తుంటాను. వారంలో కొన్ని రోజులు నా భార్య కూడా వెనుక కూర్చుని వరంగల్ వరకు వస్తుంది. నా హెల్మెట్ వైజర్ నిండా గీతలు పడి, రాత్రిపూట ఎదురు లైట్లు పడితే దారి కనిపించడం లేదు కనుక ఎలాగూ కొత్తది కొనాలి. ఇదే అదనుగా రక్షణ సామగ్రి మొత్తానికి ఎనిమిది వేల రూపాయలు పక్కన పెట్టాను. అయితే ఆన్‌లైన్‌లో చూస్తే హెల్మెట్ ఒక్కటే ఎనిమిది వేలకు ఉంది, జాకెట్ ఒక్కటే అంతకు ఉంది. మా దారిలో ట్రాక్టర్లు, పశువులు, కుక్కలు సరేసరి, కోతలు మొదలైతే సగం రోడ్డు మీద వడ్లే ఉంటాయి. అరవై దాటి నడపను. ఇలాంటి ప్రయాణానికి ఈ డబ్బును ఎలా పంచితే మేలు? హెల్మెట్ నల్ల రంగుదే తీసుకోవాలని ఉంది, అభ్యంతరాలుంటే చెప్పండి.

ఎముకల విభాగం:
వరంగల్‌లో ఎముకల వైద్యుడిగా పనిచేస్తున్నాను. మీ ప్రశ్నలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. బండి మీది నుంచి పడితే ఎక్కువగా దెబ్బ తగిలేది ఎక్కడ అన్నది ఒకటి, తగిలిన దెబ్బల్లో మనిషిని తిరిగి కోలుకోనివ్వనిది ఏది అన్నది మరొకటి. మా దగ్గరకు వచ్చేవాళ్లలో మోకాలి కింది ఎముక విరిగినవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత కాలర్ బోన్, మణికట్టు, చీలమండ. ఇవన్నీ బాధాకరమే, కొన్ని నెలల తరబడి మంచాన పడేస్తాయి, కూలి మీద బతికే ఇంటిని అప్పుల పాలు చేస్తాయి. అయినా రాడ్ వేసి, ప్లేట్ వేసి ఎముకను అతికించగలం. మెదడు విషయంలో అలా అతికించడానికి మా చేతిలో ఏమీ లేదు. అందుకే సంఖ్యలో కాళ్ల దెబ్బలే ఎక్కువైనా, డబ్బు మాత్రం ముందు తలకే వెళ్లాలి.

హెల్మెట్ ఎంత కాపాడుతుందన్న దాని మీద ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను కలిపి 2008లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ ఒక సమీక్ష వెలువరించింది. ప్రమాదంలో చిక్కుకున్నవారిలో హెల్మెట్ వల్ల మరణం ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు సుమారు 69 శాతం తగ్గుతాయని అందులో తేలింది. మన దేశంలో 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవాళ్లు. మీ ఇంటికి సంబంధించి ముఖ్యమైన అంకె ఈ రెండోదే. ఎనిమిది వేలతో మీకొక ఖరీదైన హెల్మెట్ కొని, మీ భార్యను చున్నీతో కూర్చోబెట్టడం కంటే, చెరొక మధ్యరకం హెల్మెట్ కొనడం నూటికి నూరుపాళ్లు మెరుగు.

తల తర్వాత చేతులు, పాదాలు. పడేటప్పుడు మనిషి ప్రయత్నం లేకుండానే అరచేతులు ముందుకు చాస్తాడు. గ్లోవ్స్ లేని అరచేతిలోకి కంకర, తారు ముక్కలు దిగబడతాయి, వాటిని బ్రష్‌తో రుద్ది తీయాలి. పెద్దవాళ్లు కూడా ఆ గదిలో ఏడుస్తారు. కొందరికి తొడ నుంచి చర్మం తీసి అతకాల్సి వస్తుంది. రబ్బరు చెప్పులతో బండి నడిపేవాళ్ల పాదాల సంగతి రాయకపోవడమే మంచిది. జాకెట్, మోకాలి ప్యాడ్లు ఆ తర్వాతి వరుసలో వస్తాయి.

నిట్ ల్యాబ్:
డాక్టర్ గారు చెప్పిన దానికి యంత్రశాస్త్రం వైపు నుంచి కొంత కలుపుతాను. నిదానంగా నడిపేవాడికి హెల్మెట్ అంత అవసరం లేదన్న భావన చాలామందిలో ఉంది, లెక్క మాత్రం వేరే చెబుతుంది. బండి మీద కూర్చున్న మనిషి తల నేల నుంచి దాదాపు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. బండి ఆగి ఉండగా పక్కకు కూలినా, ఆ ఎత్తు నుంచి పడిన తల నేలను తాకేటప్పటికి గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. సిమెంటు డివైడర్ అంచుకు ఆ వేగంతో తగిలితే పుర్రె పగలడానికి అదే ఎక్కువ. స్పీడోమీటర్ చూపే వేగం రోడ్డు వెంట ఉండేది, తలను నేలకు కొట్టేది పై నుంచి కిందకు వచ్చే వేగం. రోడ్డు మీద జారుకుంటూ పోయి దేనికీ గుద్దుకోకుండా ఆగితే ఈ రెండో వేగమే తలకు ముఖ్యం. రోడ్డు పక్క స్తంభానికో లారీ చక్రానికో తగిలితే మొదటిది కూడా తోడవుతుంది.

హెల్మెట్‌లో అసలు పని చేసేది పైన మెరిసే షెల్ కాదు, దాని లోపల ఉండే గట్టి థర్మోకోల్ పొర. దాన్ని ఇ.పి.ఎస్. అంటారు. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, తల ఆగడానికి రెండు మూడు సెంటీమీటర్ల దూరాన్ని, కొన్ని మిల్లీసెకన్ల సమయాన్ని కలుపుతుంది. ఆ కాస్త దూరమే మెదడు మీద పడే బలాన్ని ఎన్నో రెట్లు తగ్గిస్తుంది. షెల్ పని దెబ్బను విశాలంగా పరచడం, కంకర మొన దిగకుండా ఆపడం. ఇ.పి.ఎస్. ఒకసారి నలిగితే మళ్లీ పొంగదు, పైకి మాత్రం ఏమీ తెలియదు. అందుకే గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను, ఎవరో వాడి అమ్మిన హెల్మెట్‌ను నమ్మకూడదు. ఖాళీ హెల్మెట్ చేతిలోంచి జారి పడితే సాధారణంగా అంత నష్టం ఉండదు. కానీ బండి అద్దానికి రోజూ తగిలిస్తే ఆ మొన లోపలి పొరలో గుంట చేస్తుంది. పాలీకార్బొనేట్ షెల్‌ను పెట్రోలుతోనో థిన్నర్‌తోనో తుడిస్తే ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. ఇదంతా పట్టించుకునేవాళ్లు మా క్యాంపస్‌లో కూడా తక్కువే.

సుబేదారి సందేహం:
అందరూ ఒకే మాట చెబుతుంటే ఎదురు ప్రశ్న వేసేవాడొకడు ఉండాలి కనుక అడుగుతున్నాను. హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఉన్న రద్దీలో ముప్పై దాటడం కష్టం. మే నెల ఎండలో నెత్తి మీద కిలోన్నర బరువు, చెమట, వెనుక నుంచి హారన్ సరిగా వినపడకపోవడం, పక్క చూపు తగ్గడం, ఇవి కూడా ప్రమాదానికి కారణాలే కదా. హెల్మెట్ బరువు వల్ల మెడ విరిగే అవకాశం ఎక్కువని కూడా విన్నాను. చలానా భయంతో పెట్టుకునేవాళ్లే మన దగ్గర ఎక్కువ, వాళ్లు కొనేవి రోడ్డు పక్కన దొరికే రెండు మూడు వందల రూపాయల డొప్పలు. అలాంటివి పెట్టించి ప్రాణాలు కాపాడుతున్నామని చెప్పుకోవడం ఎంతవరకు నిజాయితీ?

ఎముకల విభాగం:
సందేహం గారూ, మీ చివరి మాటతో ఏకీభవిస్తాను, ముందు మాటలతో కాదు. మెడ గురించి అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 2011లో నలభై వేలకు పైగా ప్రమాద కేసుల రికార్డులను పరిశీలించారు. హెల్మెట్ పెట్టుకున్నవారిలో మెడ వెన్నుపూసలకు గాయమయ్యే అవకాశం 22 శాతం తక్కువని వారి లెక్కల్లో వచ్చింది. వినికిడి, చూపుల మీద కూడా అక్కడి రవాణా భద్రతా సంస్థ రోడ్డు మీదే పరీక్షలు చేయించింది. హెల్మెట్ ఉన్నవాళ్లు లేన్ మారేటప్పుడు తలను కొంచెం ఎక్కువ తిప్పి ఆ లోటును భర్తీ చేసుకున్నారు. హారన్ వినడంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు, ఎందుకంటే బండి కదులుతున్నప్పుడు గాలి చప్పుడే హారన్‌ను మింగేస్తుంది, హెల్మెట్ ఆ గాలి చప్పుడును కూడా తగ్గిస్తుంది. ఎండ విషయం మాత్రం నిజమైన ఇబ్బందే, దానికి దొంగ సమాధానం చెప్పను. రామగుండం వైపు వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గాలి రంధ్రాలు బాగున్న హెల్మెట్, లోపల పలుచని నూలు టోపీ, సిగ్నల్ దగ్గర వైజర్ ఎత్తడం వంటివి కొంత ఉపశమనం ఇస్తాయి, అంతే.

రద్దీలో ముప్పై దాటరు కనుక ప్రమాదం ఉండదన్న మాటకు నిట్ ల్యాబ్ గారి లెక్కే జవాబు.

చౌరస్తా దుకాణం:
హన్మకొండలో హెల్మెట్లు అమ్ముతాను కనుక నా మాటను కొంత తగ్గించుకునే చదవండి. రోడ్డు పక్క డొప్పల గురించి సందేహం గారు అన్నది అక్షరాలా నిజం. పోలీసు తనిఖీలు మొదలైన వారంలో అవి కుప్పలుగా దిగుతాయి. వాటిలో ఇ.పి.ఎస్. పొర బదులు పలుచని స్పాంజి ఉంటుంది, స్ట్రాప్‌ను రివిట్‌తో కాకుండా జిగురుతో అంటించినవీ చూశాను. 2021 జూన్ 1 నుంచి ఐ.ఎస్. 4151 అనే భారత ప్రమాణానికి సరిపోని ద్విచక్ర వాహన హెల్మెట్‌ను తయారు చేయడం గానీ అమ్మడం గానీ దేశంలో చట్టవిరుద్ధం. అయినా ఐ.ఎస్.ఐ. స్టిక్కర్ అచ్చు వేయించుకోవడం ఎవరికైనా సులువే. గుర్తు పైన 4151 సంఖ్య, కింద సి.ఎం./ఎల్. అనే అక్షరాలతో లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను, ప్రమాణాలు నిర్ణయించే ప్రభుత్వ సంస్థ వారి బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో వేస్తే తయారీదారు పేరు వస్తుంది. పేరు రాకపోయినా, హెల్మెట్ మీదున్న పేరు వేరైనా దుకాణంలోంచి బయటకు వచ్చేయండి, నా దుకాణమైనా సరే.

కొనేవాళ్లు రంగు చూస్తారు, బొమ్మలు చూస్తారు, సైజు మాత్రం చూడరు. కనుబొమ్మలకు కాస్త పైన, చెవుల మీదుగా, వెనుక ఎత్తు భాగం చుట్టూ టేపు పెట్టి కొలవాలి. ఒక్కో కంపెనీ సైజు ఒక్కోలా ఉంటుంది కనుక ఎం, ఎల్ అక్షరాలను నమ్మకుండా సెంటీమీటర్లు చూడాలి. పెట్టుకున్నాక బుగ్గలు బాగా నొక్కుకుపోయి, మాట్లాడితే లోపలి బుగ్గ పళ్ల కింద పడేంత బిగుతుగా ఉంటే అది సరైన సైజు. కొన్ని వారాల్లో మెత్తలు అణిగి సర్దుకుంటాయి. నుదుటి మీద ఒకచోటే నొప్పి పుడితే మాత్రం ఆ ఆకారం మీ తలకు సరిపడదు. స్ట్రాప్ బిగించి, వెనుక అంచు పట్టుకుని ముందుకు లాగి చూడండి. తల మీది నుంచి ఊడి వచ్చిందంటే రోడ్డు మీద కూడా ఊడుతుంది. గడ్డం కింద రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు.

స్ట్రాప్ పెట్టుకోకుండా హెల్మెట్‌ను తలకు తగిలించుకుని వెళ్లేవాళ్లను రోజూ చూస్తుంటాను. తైవాన్‌లో 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, హెల్మెట్ వదులుగా పెట్టుకున్నవాళ్లకు తలకు గాయమయ్యే అవకాశం సరిగ్గా బిగించినవాళ్ల కంటే దాదాపు రెట్టింపు ఉందని తేలింది. ముఖం మొత్తం మూసే హెల్మెట్‌తో పోలిస్తే సగం హెల్మెట్ పెట్టుకున్నవాళ్లకు రెట్టింపుకు పైగా ఉంది. కనుక గిర్నిబావి గారూ, గడ్డం కప్పే ఫుల్ ఫేస్ తీసుకోండి. పదిహేను వందల నుంచి రెండు వేల మధ్య మంచివే దొరుకుతాయి. అంతకు మించి పెట్టే డబ్బులో చాలా భాగం బరువు తగ్గడానికి, గాలి ఆడడానికి, అందానికి పోతుంది.

వెనుక సీటు:
ఇంతవరకు అందరూ నడిపేవాళ్ల గురించే రాశారు. నేను జనగామ వైపు ఉపాధ్యాయురాలిని, ఎప్పుడూ వెనుక కూర్చునేదాన్నే. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నడిపేవారికి, వెనుక కూర్చునేవారికి తేడా చూపదు, నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ పెట్టుకోవాల్సిందే. అయినా మా చేతికి వచ్చేది మగవాళ్లు వాడి పక్కన పెట్టిన, మా తలకు గిరగిర తిరిగే పాత హెల్మెట్. గిర్నిబావి గారికి నా మనవి ఏమిటంటే, మీ భార్యను దుకాణానికి తీసుకెళ్లి ఆమె తలకు కొలిచి కొనండి. కొప్పు ఉంటే హెల్మెట్ వెనక్కి లేచి నుదురు బయటపడుతుంది, జడను మెడ దగ్గర కిందికి వేసుకుంటే సరిగ్గా కూర్చుంటుంది.

మరొకటి, ఒకవైపుకు కూర్చునే అలవాటు. చీరతో వేరే దారి లేదని తెలుసు, నేనూ చాలా ఏళ్లు అలాగే వెళ్లాను. కానీ అలా కూర్చున్న మనిషికి బండి కుదుపుకు పట్టు దొరకదు, స్పీడ్ బ్రేకర్ దగ్గర వెల్లకిలా పడి తల వెనుక భాగం తగులుతుంది. వెనుక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ, పట్టుకునేందుకు హ్యాండిల్, కాలు పెట్టేందుకు ఫుట్‌రెస్ట్ ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన చెబుతుంది. స్టైల్ కోసం శారీ గార్డు విప్పించేవాళ్లకు ఇది తెలియదో, తెలిసీ పట్టదో. చున్నీ చక్రంలో పడితే ముందు బిగిసేది మెడ, అక్కడ హెల్మెట్ కూడా చేయగలిగింది లేదు.

యాసంగి వరి:
వడ్ల ప్రస్తావన వచ్చింది కనుక పరకాల దగ్గరి రైతుగా రెండు మాటలు రాస్తాను. తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోరు, కల్లాలు సరిపోవు, తారు రోడ్డు మీద రెండు ఎండలకే ఆరతాయి. తప్పని తెలిసే పోస్తాం. బండి వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది వడ్ల కంటే వాటి చుట్టూ ఉండే రాళ్లను. పరదా ఎగిరిపోకుండా రాత్రి అంచుల మీద బండరాళ్లు పెడతారు, నల్ల పరదా, నల్ల రోడ్డు, లైటు పడేదాకా కుప్ప ఉన్నట్టే తెలియదు. వడ్ల మీద బ్రేకు వేస్తే ముందు చక్రం జారి మనిషి నిలువునా పక్కకు పడతాడు. మా ఊరివాళ్లు అలా పడ్డప్పుడు అరచేతులు, మోచేతులు, మోకాళ్లే చెక్కుకుపోయాయి. కాబట్టి గ్లోవ్స్, మోకాలి ప్యాడ్లు ఈ దారికి అవసరమే అని నా అభిప్రాయం. కుప్ప కనిపిస్తే ముందే వేగం తగ్గించి, దాని మీద ఉన్నంతసేపు బ్రేకూ హ్యాండిలూ కదపకుండా దాటాలి.

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్:
సెకండ్ షిఫ్ట్ దిగి అర్ధరాత్రి బొగ్గు టిప్పర్ల మధ్య ఇంటికి వెళ్లేవాడిని. నల్ల హెల్మెట్ సంగతి ఎవరూ ఎత్తుకోలేదు కనుక నేను చెబుతాను. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో చేసిన ఒక అధ్యయనం 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మెరిసే దుస్తులు వేసుకున్నవాళ్లకు గాయాల ప్రమాదం 37 శాతం తక్కువగా, నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్ వాళ్లకు 24 శాతం తక్కువగా ఉంది. తెలుపు నచ్చకపోతే కనీసం వెనుక వైపు రిఫ్లెక్టివ్ టేపు అంటించండి, దానికి యాభై రూపాయలు కూడా కాదు. వైజర్ మాత్రం రంగు లేని పారదర్శకమైనదే ఉండాలి, రంగు వైజర్‌తో రాత్రి నడపడం కళ్లు మూసుకుని నడపడమే. దుమ్ము పట్టిన వైజర్‌ను పొడి గుడ్డతో రుద్దకండి, గీతలన్నీ అక్కడే పుడతాయి. తడి గుడ్డ కాసేపు కప్పి ఉంచి మెల్లగా తుడవాలి.

జాకెట్ గురించి కూడా ఒక మాట. ఆస్ట్రేలియాలో ప్రమాదాలకు గురైన 212 మంది రైడర్లను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, రైడింగ్ జాకెట్ వేసుకున్నవాళ్లు ఆసుపత్రిలో చేరాల్సి వచ్చే అవకాశం సుమారు 21 శాతం, రైడింగ్ ప్యాంటు వేసుకున్నవాళ్లకు 51 శాతం, గ్లోవ్స్ వేసుకున్నవాళ్లకు 59 శాతం తక్కువగా ఉంది. ధరలో జాకెట్ పెద్దది, ఫలితంలో గ్లోవ్స్ ముందున్నాయి. అదే అధ్యయనంలో జాకెట్లలో, ప్యాంట్లలో, గ్లోవ్స్‌లో పావు వంతుకు పైగా ప్రమాదంలో చిరిగి విఫలమయ్యాయని కూడా ఉంది, కనుక పేరు చూసి మోసపోకూడదు. మన ఎండకు వలలాంటి మెష్ జాకెట్ ఒక్కటే పనికొస్తుంది. మోచేతులు, భుజాల దగ్గర ఉండే ప్యాడ్ల మీద యూరప్ భద్రతా ప్రమాణమైన ఇ.ఎన్. 1621 అని అచ్చు ఉందో లేదో తీసి చూడండి. చాలా చౌక జాకెట్లలో ఆ చోట ఉత్త స్పాంజి ఉంటుంది.

ఎముకల విభాగం:
జాకెట్ మీద ఆశ హద్దుల్లో ఉండాలి. చర్మం చెక్కుకుపోకుండా అది బాగా ఆపుతుంది, ప్యాడ్లు మోచేతి చిప్పను కాపాడతాయి. లారీ గుద్దితే విరిగే తొడ ఎముకను, పొట్టలో జరిగే రక్తస్రావాన్ని ఏ జాకెట్టూ ఆపదు.

గిర్నిబావి దారి:
మీ అందరి మాటలు చదివాక లెక్క ఇలా కుదిరింది. ఇద్దరికీ చెరొక ఫుల్ ఫేస్ హెల్మెట్‌కు నాలుగు వేల లోపు, ఇద్దరికీ అరచేతిలో మణికట్టుకు ఆనుకున్న భాగం దగ్గర గట్టి ప్యాడ్ ఉన్న గ్లోవ్స్‌కు రెండు వేల లోపు, చీలమండ కప్పే బూట్లకు పదిహేను వందలు, మిగిలిన దానితో ప్యాంటు కింద కట్టుకునే మోకాలి ప్యాడ్లు. మెష్ జాకెట్ దసరా బోనస్ దాకా ఆగుతుంది. నల్ల హెల్మెట్ మాటను వెనక్కి తీసుకుంటున్నాను. శారీ గార్డు మెకానిక్ దగ్గర విప్పి పెట్టినది ఇంకా అక్కడే ఉంటే తిరిగి బిగించాలి. ఒక సందేహం మిగిలింది. దారిలో ఎవరైనా పడి ఉంటే హెల్మెట్ వెంటనే తీసి నీళ్లు తాగించాలని మా వైపు అందరూ అంటారు, అది సరైనదేనా?

ఎముకల విభాగం:
రెండూ చేయకండి. స్పృహ లేని మనిషికి నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడ ఎముక దెబ్బతిని ఉండవచ్చు కనుక హెల్మెట్ లాగితే వెన్నుపాము తెగి జీవితాంతం కాళ్లు చేతులు పడిపోవచ్చు. ముందు వైజర్ ఎత్తి ఊపిరి ఆడుతోందో లేదో చూడండి, 108కి ఫోన్ చేయండి, వెనుక నుంచి వచ్చే బండ్లను ఆపించండి. ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ అలాగే ఉండనివ్వాలి. వాంతి అవుతున్నా, ఊపిరి అందకపోతున్నా మాత్రమే తీయాలి, అదీ ఇద్దరు కలిసి. ఒకరు స్ట్రాప్ విప్పి, గడ్డాన్నీ మెడ వెనుక భాగాన్నీ రెండు చేతులతో కదలకుండా పట్టుకోవాలి. రెండోవారు తల వైపు కూర్చుని హెల్మెట్‌ను రెండు పక్కలకూ కొంచెం వెడల్పు చేస్తూ, ముక్కుకు తగలకుండా నేరుగా తమ వైపు జరపాలి. తీశాక కూడా తలను 108 సిబ్బంది వచ్చేదాకా వదలకూడదు. సహాయం చేసినవారిని కేసుల్లోకి లాగకుండా 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది కనుక ఆ భయంతో పక్క నుంచి వెళ్లిపోనవసరం లేదు.

వెనుక సీటు:
మూడేళ్ల మనవడిని ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకునే తాతలకు నిబంధన ఏమైనా ఉందా?

చౌరస్తా దుకాణం:
ఉందమ్మా. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు వాళ్ల తలకు సరిపోయే హెల్మెట్ గానీ సైకిల్ హెల్మెట్ గానీ పెట్టాలి. పిల్లవాడిని నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు. 2023 ఫిబ్రవరి 15 నుంచి ఇది అమల్లో ఉంది. పిల్లల సైజులు మా దగ్గర అన్ని రోజులూ ఉండవు, ముందు చెబితే తెప్పిస్తాం, తల కొలత మాత్రం పంపండి.